నాలుగో ఇంజినీరు కూతురు

చాముండేశ్వరికి అసూయ పుట్టింది ఎనభై మూడేళ్ళ ముసలావిడ మీద. అందుకని ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

చెప్పుకోవడానికి కెనడాలోని ఆ బర్నబీ ఊళ్ళో మనుషులు లేక కాదు. పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైన ఆమెకు ఊళ్ళో తెలుగువాళ్ళంతా పరిచయమే. శనివారాల్లో వాసంతి ఇంట్లో పారాయణానికి చేరే ఆడవాళ్ళు మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచి అల్లుళ్ళ ఉద్యోగాల దాకా అన్నీ చెప్పుకునేవారు. కాని అరవై ఐదేళ్ళ వయసులో, మా ఆయన ప్రతి గురువారం ఒక తెల్ల ముసలావిడ పక్కన బెంచీ మీద కూర్చుని కబుర్లు చెబుతున్నాడు, నాకు ఒళ్ళు మండిపోతోంది అని ఏ నోటితో అంటుంది? వాటర్లూలో ఉద్యోగం చేస్తున్న కూతురు విద్యతో మాత్రం ఒకసారి, వేళాకోళంగా అంటున్నట్టు అంది. విద్య నిజంగానే నవ్వేసి, "అమ్మా, షీ ఈజ్ ఎయిటీ త్రీ. ఐ థింక్ ఇట్స్ స్వీట్," అంది. చాముండేశ్వరి పొయ్యి మీద పాలున్నాయని చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆమె భర్త అచ్యుత్ మాటకారి కాడు. పెళ్ళికి ముందు కొన్నేళ్ళు చమురు ఓడల్లో ఇంజినీరుగా తిరిగాడు. తర్వాత సముద్రం వదిలేసి, కెనడా వచ్చి, వాంకూవర్ రేవులో ఓడలు తనిఖీ చేసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఇంటికొస్తే ఓడ ఊసెత్తేవాడు కాదు. రాత్రి భోజనాల దగ్గర ఆమె హాస్పిటల్ సంగతులు చెబుతుంటే ఊఁ కొడుతూ వినేవాడు. కొందరు మగవాళ్ళు అంతే, లోపల చెప్పడానికి ఏమీ ఉండదు అనుకుంది చాముండేశ్వరి. అలా అనుకునే ఇన్నేళ్ళు హాయిగా కాపురం చేసింది.

కిందటి శీతాకాలంలో లైబ్రరీవాళ్ళు ఆయన్ని పిలిచి, ఊరి పక్కనున్న సముద్రపు పాయ, ఇన్లెట్‌లోకి వచ్చే చమురు ట్యాంకర్ల గురించి చుట్టుపక్కలవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉపన్యాసం అయ్యాక అందరూ వెళ్ళిపోతుంటే ఎలీన్ అనే ఆవిడ చేతికర్ర పొడుచుకుంటూ దగ్గరకు వచ్చి ఒకటే ప్రశ్న అడిగిందట. సాయంత్రం ఎనిమిది దాటాక నాలుగో ఇంజినీరు ఓడలో సరిగ్గా ఎక్కడ నిలబడి ఉంటాడు? అచ్యుత్ బొమ్మ గీసి చూపించాడు. ఆవిడ తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో ఒక ట్యాంకర్ మీద నాలుగో ఇంజినీరుగా పనిచేస్తూ పోయాడని, ఆ ఓడను జర్మన్ సబ్‌మెరైన్ ముంచేసిందని ఇంటికొచ్చి తనే చెప్పాడు. ఆ తర్వాత చెప్పడం మానేసి, వెళ్ళడం మొదలుపెట్టాడు.

గురువారం వచ్చిందంటే పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు. కాఫీ పొడి ఏ డబ్బాలో ఉందో తెలియని మనిషి, తనే కాఫీ కలిపి ఫ్లాస్కులో పోసుకుని, రెండు కప్పులు సంచిలో పెట్టుకునేవాడు. బార్నెట్ బీచి దగ్గర, ఇన్లెట్‌కు ఎదురుగా ఉన్న బెంచీ మీద ఇద్దరూ కూర్చునేవారు. మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి ఆయన ముఖం తలంటు పోసుకున్నట్టు తేటగా ఉండేది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏముంది, ఓడల సంగతులు," అనేవాడు. ఆ 'ఏముంది' అన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

ఒకసారి ఎలీన్ కోసం జంతికలు చెయ్యమన్నాడు, ఆవిడ కారం తట్టుకోలేదు కాబట్టి తగ్గించమన్నాడు. చాముండేశ్వరి కావాలనే రెండింతలు కారం కొట్టింది. ఆ సాయంత్రం ఖాళీ డబ్బా తెచ్చి సింకులో పెడుతూ, ఆవిడకు చాలా నచ్చాయని, మళ్ళీ చేసిపెట్టమని అడిగిందని చెప్పాడు.

ఏప్రిల్‌లో ఒక గురువారం ఆమె ఉండబట్టలేక కారు వేసుకుని వెళ్ళింది. బీచికి దిగడానికి రైలు పట్టాల మీదుగా చిన్న వంతెన ఉంది. దాని మీద నిలబడి చూసింది. ఎలీన్ మాట్లాడుతూ ఉంటుందని, ఈయన ఊఁ కొడుతూ ఉంటాడని అనుకుంది. తీరా చూస్తే మాట్లాడుతున్నది అచ్యుత్. రెండు చేతులూ ఎత్తి, దించి, గాలిలో ఏదో తిప్పి చూపిస్తూ, ఆగకుండా మాట్లాడుతున్నాడు. తన భర్త చేతులు ఊపుతూ మాట్లాడగలడని చాముండేశ్వరికి ఆ రోజే తెలిసింది. వచ్చిన దారినే కారెక్కింది. అద్దంలో ముఖం చూసుకుంటే ఎర్రబడి ఉంది. వాళ్ళు చేతులు పట్టుకుని కూర్చున్నా ఇంత బాధ ఉండేది కాదు.

మే నెలలో అచ్యుత్‌కు జ్వరం వచ్చింది. మామూలు వైరల్ ఫీవరే. గురువారం పొద్దున సోఫాలో దుప్పటి కప్పుకుని, ఎలీన్‌కు ఫోన్ చేసి ఇవాళ రాలేనని చెప్పమన్నాడు. చాముండేశ్వరి సరేనంది. ఫోన్ చెయ్యలేదు. మందుల షాపుకు వెళ్ళొస్తానని చెప్పి తానే బార్నెట్‌కు వెళ్ళింది. ఏం మాట్లాడాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. ఆయన ఆరోగ్యం బాగుండడం లేదు, ఈ చలిగాలిలో కూర్చోవడం మంచిది కాదు, ఇక ఈ గురువారాలు ఆపేస్తే బాగుంటుంది అని, డాక్టరు చెప్పినట్టే చెప్పాలనుకుంది.

ఎలీన్ అప్పటికే వచ్చి కూర్చుంది. పొట్టి మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, మగవాళ్ళ రెయిన్‌కోటు. చాముండేశ్వరి పేరు చెప్పగానే లేవబోయింది. ఆయనకేమైనా అయిందా అని కంగారుగా అడిగింది. జ్వరమేనని తెలిశాక తేలిగ్గా ఊపిరి తీసుకుని, పక్కన చోటు చేసింది. ఎదురుగా నీళ్ళలో ఎర్ర పొట్ట ట్యాంకరు ఒకటి, రెండు టగ్గు బోట్ల మధ్య నెమ్మదిగా టెర్మినల్ వైపు జరుగుతోంది.

చాముండేశ్వరి తన మాట మొదలుపెట్టేలోపే ఎలీన్ అంది, "మిమ్మల్ని ఎప్పటినుంచో కలవాలనుకుంటున్నాను. మీ ఆయన నాకు ఏమిచ్చాడో మీకు తెలుసనుకుంటాను."

తెలియదనడానికి చాముండేశ్వరికి అభిమానం అడ్డొచ్చింది. మీ నోటితో వింటానంది.

ఎలీన్ చెప్పుకొచ్చింది. ఆవిడ తండ్రి థామస్ 'ఎల్డర్ పాయింట్' అనే ట్యాంకర్‌లో నాలుగో ఇంజినీరు, అంటే ఇంజినీర్లందరిలోకీ చిన్నవాడు. పందొమ్మిది వందల నలభై రెండు మే నెలలో ఆ ఓడ కరేబియన్ నుంచి ముడిచమురు నింపుకుని కెనడా తూర్పు తీరాన ఉన్న హాలిఫాక్స్‌ రేవుకు బయల్దేరింది. తోడుగా యుద్ధ నౌకలేవీ లేవు, ఒంటరి ప్రయాణం. నోవాస్కోషియాకు దక్షిణాన, చీకటి పడుతుండగా, ముందు భాగంలో మొదటి టార్పెడో తగిలింది. పై డెక్కు మీద ఉన్నవాళ్ళు పడవ దించుకున్నారు. పడవ కాస్త దూరం వెళ్ళిందో లేదో రెండో టార్పెడో వచ్చి సరిగ్గా ఇంజిను గదికి తగిలింది. చమురు నీళ్ళ మీద పరుచుకుని అంటుకుంది. పడవలో ఉన్నవాళ్ళను తర్వాత ఒక చేపల ఓడ ఎక్కించుకుంది. కింద డ్యూటీలో ఉన్నవాళ్ళలో ఒక్కరూ బయటపడలేదు. ఎలీన్ అప్పటికి ఇంకా పుట్టలేదు.

"కంపెనీ మనిషి ఇంటికొచ్చి, క్షణంలో పోయాడు, ఆయనకేమీ తెలియలేదు అని మా అమ్మతో చెప్పాడట. ఆ తర్వాత అందరూ నాకు అదే చెప్పారు. క్షణంలో. నాకా మాట అంటే అసహ్యం. నాన్న జీవితం మొత్తంలో నాకు తెలిసినది ఆ క్షణం ఒక్కటే, అందులోనూ ఆయన ఏమీ చెయ్యలేదు."

లైబ్రరీలో అచ్యుత్ ఆవిడను ఒక సంగతి అడిగాడట. పడవ దించేటప్పుడు ఓడ కదులుతోందా, ఆగి ఉందా? బతికి వచ్చినవాళ్ళు ఆగి ఉందనే చెప్పారు. అయితే దాన్ని ఎవరో ఆపారు కదా, అన్నాడాయన. అంత పెద్ద ఓడ ముందుకు పోతుంటే పడవ దించడం కుదరదు, దించితే తిరగబడి అందరూ పోతారు. పైనుంచి గంట కొడితే, కింద డ్యూటీలో ఉన్న ఇంజినీరు తన చేత్తో చక్రం తిప్పి, ఇంజినుకు వెళ్ళే ఆవిరిని మూసెయ్యాలి. ఆ డ్యూటీ థామస్‌ది. ఆపాక కూడా పైన దీపాలు వెలగాలంటే ఒకరు కింద ఉండాలి. రెండో టార్పెడో వచ్చేదాకా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

"నాన్నకు కొన్ని నిమిషాలు దొరికాయి," అంది ఎలీన్. "వాటిని ఆయన ఒక పనికి ఖర్చుపెట్టాడు. ఇంత ముసలిదాన్నయ్యాక నాకా నిమిషాలు తెచ్చిచ్చింది మీ ఆయన. గురువారం గురువారం ఆ గది ఎలా ఉంటుందో అడుగుతాను. ఎంత వేడి, ఎంత చప్పుడు, నిచ్చెన ఎటువైపు. ఆయన విసుక్కోడు. అందరిలాగా నాకు తియ్యటి మాటలు చెప్పడు. ఎలా చెబుతాడు, గల్ఫ్‌లో తన స్నేహితుడికీ అదే జరిగింది కదా. కొ-మ-ర-య్యకి."

పేరు తప్పు పోకుండా, నేర్చుకున్న పాఠంలా, ఒక్కో అక్షరం కూడదీసుకుని పలికింది.

చాముండేశ్వరి ఆ పేరు ఎన్నడూ వినలేదు. ముప్పై ఆరేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నా వినలేదు. తన భర్త లోపల దాచుకున్న తెలుగు పేరును, తెలుగు ముక్క రాని మనిషి నోట మొదటిసారి వినవలసి వచ్చింది. చెంప మీద కొట్టినట్టయింది. "అవును, పాపం," అంది. అంటూనే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఎలీన్ ఒకసారి తిరిగి చూసింది. ఆ పేరు ఈమెకు తెలియదని ఆవిడకు అర్థమైందనుకోవాలి. ట్యాంకరు వంక చూస్తూ, అడగకుండానే వేరే సంగతి చెప్పింది. తను నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని ఇటువైపు వచ్చేసింది. రెండో ఆయన మంచివాడు, ఎలీన్‌ను సొంత కూతురిలా చూసుకున్నాడు. కాని చనిపోయినవాడి పేరు ఎవరైనా ఎత్తితే భోజనం వదిలేసి లేచిపోయేవాడు. ఫోటోలన్నీ అటకెక్కాయి. థామస్ అన్న పేరు ఆ ఇంట్లో లేకుండా పోయింది.

"సబ్‌మెరైన్ మీద నాకు ఎప్పుడూ అంత కోపం రాలేదు. యుద్ధం కదా," అంది. "అసూయపడడానికి మా నాన్నలో ఇంకేం మిగిలిందని మా పెంపుడు నాన్న అసూయపడ్డాడో, అది మాత్రం ఇప్పటికీ తెలియదు."

చాముండేశ్వరి కూడబలుక్కుని వచ్చిన మాటలు పక్కన పెట్టి, కారు తాళాలు తీసుకుని లేచింది. ఆవిడను కారులో ఇంటి దగ్గర దింపింది. దిగేటప్పుడు ఎలీన్ ఆమె చెయ్యి నొక్కి, ఆయన్ని బాగా చూసుకోమంది. నా మొగుణ్ణి చూసుకోమని నువ్వు నాకు చెబుతావా అని లోపల మళ్ళీ భగ్గుమంది. పెంపుడు తండ్రి కథ విని మెత్తబడిన మనసు, ఆ ఒక్క మాటతో మొదటికొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి అచ్యుత్ లేచి కూర్చున్నాడు. జ్వరం కాస్త తగ్గింది. ఆమె జావ కాచి తెచ్చి, ఆయన తాగేదాకా ఊరుకుని, గిన్నె అందుకుంటూ అడిగింది.

"కొమరయ్య ఎవరండీ?"

ఆయన తలెత్తి చూశాడు. బార్నెట్‌కు వెళ్ళావా అని అడిగాడు. వెళ్ళానంది. ఆయన కోప్పడలేదు. కిటికీ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

ఇరాన్ ఇరాక్ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆయన ఓడ గల్ఫ్‌లో చమురు నింపుకుని వస్తోంది. కొమరయ్య ఆ ఓడలో ఫిట్టరు, కరీంనగర్ వైపు మనిషి. ఓడ మొత్తానికి తెలుగు మాట్లాడేవాళ్ళు వాళ్ళిద్దరే. ఒక మధ్యాహ్నం క్షిపణి వచ్చి వెనక భాగానికి తగిలింది. ఇంజిను గదిలో మంటలు లేచాయి. అచ్యుత్ అప్పుడు తన క్యాబిన్‌లో ఉన్నాడు. కొమరయ్య కింద ఉన్నాడు. బయటికి రాలేకపోయాడు. ఆ ప్రయాణంతోనే అచ్యుత్ సముద్రం వదిలేశాడు.

చాముండేశ్వరి అంతా విన్నది. కళ్ళు చెమర్చాయి. కాని ఆ చెమ్మ కింద మంట ఆరలేదు. ఆయన ఎక్కడా తడబడలేదు. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో ముందే తెలిసినట్టు చెప్పాడు. తడబాటు, మాట పడిపోవడం, అవన్నీ బెంచీ మీద ఆవిడ ముందే అయిపోయాయి. తనకు దక్కింది రెండోసారి చెప్పిన కథ.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇంట్లోకి అది రాకూడదనుకున్నాను చాముండీ. ఎక్కడో ఒకచోటన్నా అది లేకుండా ఉండాలి కదా."

"అంటే నన్ను వరండాలో కూర్చోబెట్టి తలుపేసుకున్నారు. ఎవరో దారిన పోయే ఆవిడ వచ్చి అడిగితే తీసి చూపించారు."

"ఆవిడ అడిగింది," అన్నాడాయన మెల్లగా. "ఆ గది గురించి నన్ను ఎవరూ అడగలేదు. ఆవిడకు అవసరముండి అడిగింది. నాకు చెప్పుకున్నట్టు లేదు, సాయం చేసినట్టు ఉంది. అందుకే నోరు పెగిలింది."

అది నిజమేనని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా ఊరుకోలేకపోయింది. చిన్నపిల్లలా, తనకే నచ్చని గొంతుతో అడిగింది.

"ఆవిడకు చెప్పనిది ఇంకేమైనా ఉందా? నాకంటూ ఏమన్నా మిగిలిందా?"

అచ్యుత్ కిటికీ నుంచి తల తిప్పి ఆమె వంక చూశాడు. అడిగి తప్పు చేశానేమో అనిపించింది ఆమెకు. ఆయన ముఖం పాలిపోయింది. జ్వరం మళ్ళీ పెరిగిందేమోనని నుదుటి మీద చెయ్యి వేయబోతే, ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఇంజిను గది అంటుకుంటే ఆర్పే పద్ధతి ఒకటుంది, అన్నాడు. గాలి పోయే దారులన్నీ మూసేసి, పైనుంచి ఒక పిడి లాగి గ్యాసు వదులుతారు. దానితో మంటకు ఊపిరాడదు. లోపల ఉన్న మనిషికీ ఆడదు. అందుకే ముందు తలలు లెక్కపెట్టుకోవాలి. ఆ రోజు లెక్కలో ఒకరు తక్కువ. ట్యాంకుల నిండా చమురు, డెక్కు మీద మిగతా అందరూ. చీఫ్ ఇంజినీరు గ్యాసు వదలమన్నాడు. తను కదలకుండా నిలబడితే మళ్ళీ అరిచాడు.

"పిడి లాగింది నేను," అన్నాడు అచ్యుత్.

ఈసారి మాటలు వరసగా రాలేదు. మధ్యలో ఆగిపోయి, పెదవులు తడుపుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. లోపల్నుంచి ఎవరో ఇనుము మీద కొడుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత వినిపించలేదు.

"చప్పుడు ఆగాక లాగానా, లాగాక ఆగిందా... అది గుర్తుకు రావడం లేదు చాముండీ. ఎంత తవ్వినా రాదు. ఆగాకే అని ఒకరోజు అనిపిస్తుంది. ఇంకో రోజు అలా అనిపించదు."

ఎలీన్‌కు ఇది ఎందుకు చెప్పలేదో ఆమె అడగలేదు. కింద మిగిలిపోయినవాడి కూతురికి, పైనుంచి పిడి లాగిన మనిషి ఏం చెబుతాడు? ఆమె సోఫాలో ఆయన పక్కన చేరి కూర్చుంది. ఓదార్చే మాటలు వృత్తిలో ఆమెకు చాలా వచ్చు. ఒక్కటీ అనలేదు. ఆయన ఏడ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏడుపు చూడడం అదే మొదలు. ఆమె ఆయన తలను భుజానికి ఆనించుకుని, బయట చెత్త లారీ వచ్చి వెళ్ళిన చప్పుడు వింటూ అలాగే ఉండిపోయింది. అడిగి తెచ్చుకున్నది చాలా బరువుగా ఉంది. ఎవరితోనూ పంచుకోలేనిది. అయినా, నిజం చెప్పాలంటే, ఆ బరువు కింద ఆమెకు కొన్ని నెలలుగా లేని నెమ్మది కలిగింది.

జూన్‌లో ఒక ఆదివారం చాముండేశ్వరే ఎలీన్‌ను భోజనానికి పిలిచింది. పప్పు, వంకాయ కూర, పెరుగన్నం. ఎలీన్ అన్నీ అడిగి వడ్డించుకుంది. వచ్చే సెప్టెంబరులో యుద్ధంలో వ్యాపార నౌకల మీద పోయినవాళ్ళను తలుచుకునే రోజున హాలిఫాక్స్ వెళ్ళాలని ఉందని, అక్కడి స్మారకం మీద తండ్రి పేరు ఉందని, ఇప్పటిదాకా చూడలేదని చెప్పింది. ముగ్గురం కలిసి వెళదామని చాముండేశ్వరి అంది. ఆయన ఒక్కడే తోడు వెళ్ళడం ఇష్టంలేక అన్నదో, నిజంగా వెళ్ళాలనిపించి అన్నదో ఆమెకే తెలియదు.

పెరుగన్నం తింటూ ఎలీన్ చెంచా ఆపి, అచ్యుత్ వైపు తిరిగింది.

"పడవ దించుకున్నవాళ్ళు... కింద మనుషులు ఇంకా బతికున్నారని వాళ్ళకు తెలిసి ఉంటుందా? పైనున్నవాళ్ళకు వినిపిస్తుందా?"

అచ్యుత్ కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

"వినిపించదు," అంది చాముండేశ్వరి. "ఆ గోలలో ఎవరికీ ఏమీ వినిపించదు."

ఎలీన్ ఆమె వంక చూసింది, తర్వాత ఆయన వంక. పేరెత్తని ఇంట్లో పెరిగిన మనిషి, ఎక్కడ ఆగాలో ఆవిడకు తెలుసు. ఇంక అడగలేదు. ఈ అన్నంలో ఆవాలతో పాటు వేసినదేమిటని అడిగింది. చాముండేశ్వరి కరివేపాకు రెమ్మ తెచ్చి చూపించింది. తిరిగి కూర్చుంటున్నప్పుడు బల్ల కింద అచ్యుత్ ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. ఆమె వదిలించుకోలేదు. రెండో చేత్తో ఎలీన్ కంచంలో ఇంకాస్త పెరుగన్నం వడ్డించింది.